నలుబది ముడుల త్రాడు

చైత్రమాసారంభమున వేపపూల చిరుచేదు పరిమళము పిల్లగాలి వెంట గుండ్లకమ్మ యిసుకతిన్నెలపై వ్యాపించుచుండగా వేగుచుక్క వెలుగింకను వాడకుండగా తొలికోడి గొంతు సవరించుకొనుటకు ముందే యొక పల్లెయందలి ప్రార్థనశాల ముంగిట నొక పురుషుడు నిలిచియుండెను. అతడు మీకాయ. అతని కుడిచేత నొక యినుపకమ్మియు నెడమచేత నొక తాటినార త్రాడును గలవు. ఆ త్రాటియందలి కడపటి ముడిని విప్పుచున్న యా యేబదియేండ్లవాడు పెండ్లిపీటలపై గూర్చున్న వరునివలె తొందరపడుచుండెను.

మీకాయ పూర్వము గ్రామమునకు దండోరా వేయువాడు. శిస్తు గడువులును తప్పిపోయిన యెద్దుల గురుతులును చావుకబుర్లును చాటి చాటి యతని గొంతు బొంగురుపోయెను గాని తన నోట నొక్కనాడైనను అబద్ధపు చాటింపు వెలువడలేదని యతనికి గొండంత గర్వము. బాప్తిస్మము పొంది యింకను ఏడాది నిండని యా సంఘమునకు గంట లేదు. రైలుపట్టా ముక్క యొకటి వేపకొమ్మకు వ్రేలాడుచుండెను. దానిని మ్రోగించు పని తనకు దక్కిననాడు మీకాయకు కాళ్లు నేలమీద నిలువలేదు. భస్మబుధవారమునాడు పట్టణమునుండి విచ్చేసిన పాస్టరు దైవసహాయముగారు నాటితో మొదలగు నలుబది దినముల శ్రమకాలమును వివరించి పునరుత్థాన పండుగనాటి తెల్లవారుజామున గంట కొట్టి “క్రీస్తు లేచెను” అని చాటవలెననియు విన్నవారు “నిజముగా లేచెను” అని బదులు పలుకవలెననియు నేర్పి బండి యెక్కి వెడలిపోయిరి. మీకాయ యా సాయంకాలమే త్రాటికి నలుబది ముడులు వేసి మొదటిదానిని విప్పెను. నాటినుండి దినమున కొక ముడి.

అతని మేనత్త నయోమమ్మ మంచము పట్టి రెండు నెలలాయెను. గంజినీళ్లు తప్ప మరేమియు మింగుడుపడని యా ముదుసలి యనుదినమును మేనల్లుని బిలిచి యడుగునది యొక్కటే.

“ఇంకా ఎన్ని ముళ్లున్నాయిరా అబ్బయ్యా?”

“పదే అత్తా. పండగ గంట ఇనకుండా నిన్నెవుడు పోనిస్తాడులే. తొందరపడబాక!”

నలుబదవ ముడి విడిన దినము సరిగా నాదివారమే యగుటచే మీకాయకు సందేహలేశమైనను గలుగలేదు. ఇనుపకమ్మి యెత్తి పట్టాముక్కపై ఖణఖణమని మోదుచు పూర్వపు దండోరా గొంతుతో “క్రీస్తు లేచెనహో!” అని యెలుగెత్తి యరచెను. ఔరా యా కేక! పల్లె పల్లెయంతయు మేల్కాంచెను. పెట్టెలలోని క్రొత్తబట్టలు వెలికి వచ్చెను. తాళములును తప్పెటలును మ్రోగ జనులు వీథి వీథియు బాడుచు దిరిగి నయోమమ్మ గుమ్మముకడకు రాగా నామె మోచేయి యూది సగము లేచి కన్నుల నీరు గ్రమ్మ “నిజంగా లేచాడు” అని బదులు పలికెను. పిమ్మట పాయసమడిగి రెండు గుక్కలు త్రాగెను.

సూర్యుడు బారెడెక్కునప్పటికి కొబ్బరిమట్టలతో నిండిన యొక యెడ్లబండి పల్లె జొచ్చెను. దానినుండి దిగిన దైవసహాయముగారు గంతులు వేయుచున్న తమ సంఘమును జూచి నిర్విణ్ణులైరి.

“ఏమిటీ సంబరము? నేడు మట్టల ఆదివారము గదా! పండుగకింకను వారమున్నది. ప్రభువింకను యెరూషలేములో ప్రవేశింపనే లేదు. మీరప్పుడే సమాధినుండి లేపితిరా?”

మీకాయ వట్టి త్రాటిని జూపెను. పాస్టరుగారికి సంగతి బోధపడెను. ఆదివారములు ప్రభువు దినములు గనుక నా నలుబదిలో జేరవు. ఆ మాట వారు తొలినాడే చెప్పియుండిరి. కాని మీకాయ చూపును చెవియు నప్పుడు వేపకొమ్మమీది పట్టాముక్కపైనే యుండెను! జనులు కొందరు పొట్ట చేతబట్టుకొని నవ్విరి. సంఘపెద్ద యిస్సాకు మాత్రము నవ్వలేదు.

“ఊరోళ్ల ముందర తలెత్తుకోగలమా అయ్యగారూ? పండగ పాయసం తాగినాక మళ్లా సిలవేసిన శుక్రారం ఉపాసమేంది? ఆ కమ్మీ ఈడి చేతుల్లోంచి తీసెయ్యండి.”

మీకాయ తల కొట్టివేసినట్లాయెను. కమ్మిని దానే పాస్టరుగారి పాదములకడ నుంచి “నా నోట ఎప్పుడూ అబద్ధం రాలేదయ్యా. ఇయ్యాల వచ్చింది” అని పలికి యింటికి బోయెను. పాస్టరుగారు పండుగవరకు నా పల్లెయందే నిలిచిరి.

బుధవారమునాడు నయోమమ్మకు శ్వాస యెగబోసెను. నిజము చెప్పవలెనా మానవలెనా యని మీకాయ నలిగి నలిగి తుదకు నోరు విప్పెను.

“అత్తా, ఆ పొద్దు పండగ…”

“ఇన్నా గదరా నాయనా. కడుపు నిండింది” అని యామె యతని చేయి నిమిరి కన్ను మూసెను.

సమాధి పూడ్చిన పిమ్మట మీకాయ పసివానివలె వెక్కి వెక్కి యేడ్చెను. “తప్పుడు కబురు ఇని పోయిందయ్యా మా అత్త!”

పాస్టరుగా రతని భుజముపై జేయి వేసి యడిగిరి. “మీకాయా, ఆయన లేచుట రాబోవు ఆదివారమునాడా?”

“ఎప్పుడో లేచాడు గదయ్యా.”

“అట్లయిన నీవు దినము తప్పితివి గాని వార్త తప్పలేదు. ఆమె విన్నది సత్యమే.”

గడ్డపార బట్టుకొని ప్రక్కన నిలిచియున్న యిస్సాకు తల వంచుకొని సమాధిమట్టిని చదును చేయసాగెను.

ఆదివారము తెల్లవారుజామున మీకాయ గడపలో గూలబడి వేపచెట్టువైపు చూడక కూర్చుండియుండగా నెవరో వచ్చి యతని యెదుట నిలిచిరి. ఇస్సాకు! అతని చేత నినుపకమ్మి యుండెను.

“లేవరా. అయ్యగారిని రెండుతూర్లు అడిగే వచ్చా. పండగ ఇయ్యాలే. నీ గొంతు ఇంటేగాని మన జనం మంచం దిగరు. పా!”

మీకాయ కమ్మి నందుకొని పరుగెత్తెను. పట్టాముక్క మునుపటికంటె మిన్నగా మ్రోగెను. “క్రీస్తు లేచెనహో!” అని యతడరవగా “నిజముగా లేచెను!” అని పల్లెయంతయు నొక్క గొంతై బదులిచ్చెను. అంతట నతడు సమాధులున్న దిక్కునకు దిరిగి మరల నదే మాట చాటి చాటింపువాని యలవాటు చొప్పున బదులునకై యొక్క క్షణము చెవియొగ్గెను. అటునుండి యే పలుకును రాలేదు. మీకాయ కన్నులు తుడుచుకొని నవ్వెను. ఆ బదులు వారము క్రిందటనే యతనికి ముట్టియుండెను.