ఆదివారం టోపీ

మా ఆయన రాళ్ల క్వారీలకు పేలుడు మందు తయారుచేసే ఫ్యాక్టరీలో, మందు కలిపే షెడ్డుకు మేస్త్రి. సెలవు రోజైనా ఆ మాసిన గుడ్డ టోపీ తీసేవాడు కాదు. అన్నం తినేటప్పుడూ అదే, కుర్చీలో కునుకు తీసేటప్పుడూ అదే. నాకు ఒళ్లు మండిపోయేది. ఇంటిపట్టున ఉండేదే వారానికి ఒక్కరోజు, ఆ రోజు కూడా ఫ్యాక్టరీని నెత్తిన పెట్టుకోవాలా? ఆ షెడ్డు నాకు సవతని ముఖం మీదే అనేశాను. నవ్వేశాడు.

ఓ శనివారం సాయంత్రం చడీచప్పుడు లేకుండా దాన్ని సబ్బునీళ్లలో నానబెట్టి, బండకేసి బాది ఆరేశాను. మర్నాడు తడి టోపీ చూసి తెల్లబోయాడు.

మధ్యాహ్నానికి గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. ఒళ్లంతా చల్లటి చెమట. పక్క వీధిలో ఉండే ఫ్యాక్టరీ డాక్టరమ్మ పరుగున వచ్చి నాలుక కింద చిన్న మాత్ర పెట్టింది. కాసేపటికి నొప్పి తగ్గింది. అప్పటిదాకా నా ప్రాణాలు నాలో లేవు.

టోపీ సంగతి ఏడుస్తూ చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. షెడ్డులో పేలుడు మందుకు కలిపే నూనె, ఈ మాత్రలోని మందూ ఒకటేనట. ఒంట్లోకి వెళ్లాక నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదిలి రక్తనాళాలను వదులు చేస్తుందట. రోజూ చర్మంలోంచి ఇంకుతుంటే ఒళ్లు అలవాటు పడుతుంది. ఆదివారం అందకపోతే గుండె నాళాలు బిగుసుకుంటాయి. సోమవారం మళ్లీ తగిలితే తల పగిలిపోతుంది. ఆ తలనొప్పి రాకూడదనే షెడ్డువాళ్లు టోపీ అంచు లోపల చిటికెడు మందు రాసుకుని ఆదివారమంతా పెట్టుకుంటారట.

"షెడ్డు పని మానాలి మేస్త్రిగారూ. ఇంకో ఆదివారం నేను అందుబాటులో లేకపోతే చేయగలిగిందేమీ ఉండదు" అందామె.

ఆయనకు మనసొప్పలేదు. ఇరవై ఏళ్ల పని మరి.

నాకు మళ్లీ కోపం వచ్చింది. "తలనొప్పి కోసమా ఇంత పని? ఓ పూట ఓర్చుకుంటే పోయేది కదండీ."

"పెళ్లయిన కొత్తలో ఓ సోమవారం ఆ నొప్పితోనే ఇంటికొచ్చి నీ మీద అరిచాను" అన్నాడు మెల్లగా. "ఆ పూట నువ్వు అన్నం ముట్టలేదు. మళ్లీ అరవకూడదనే టోపీ పెట్టుకున్నా."

నాకు అసలు గుర్తే లేదు. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"అరవండి" అన్నాను. "రోజూ అరవండి. నేను తిరిగి అరుస్తాను. మీరుంటే చాలు."

ఆయన డాక్టరమ్మ వైపు తిరిగి, పని మానేస్తానని చెప్పాడు.