మస్తానమ్మ చెప్పింది, అయ్యవారు రాసింది

ఇందుకూరుపేట అవతల, సముద్రపు గాలి తగిలే ఒక పల్లెలో మస్తానమ్మ కాపురం. మొగుడు హజరత్తయ్య మిలిటరీలో జవాను. చైనా యుద్ధం వచ్చిన ఏడాది అతణ్ణి మంచుకొండల సరిహద్దుకు పంపారు. ఇంటి దగ్గర మిగిలింది ఎకరంన్నర మడి, ఒక పాడిగేదె, చంటిపిల్ల, చూపు మందగించిన అత్త పిచ్చమ్మ. మస్తానమ్మకు చదువు లేదు. అందుకని ఆమె ఉత్తరాలు రాసిపెట్టే పని బడి అయ్యవారు రంగనాయకులు గారు తీసుకున్నారు.

ఆయన దేశభక్తి గల మనిషి. యుద్ధం మొదలైన వారంలోనే పిల్లల చేత ఊరేగింపు తీయించారు. ఆ వారంలోనే తమ అబ్బాయికి బావమరిది రైసుమిల్లులో గుమాస్తా పని చూశారు.

“పైన గడ్డి కుళ్లి ఇల్లు కురస్తా ఉంది. పాపకు జరమొచ్చి తగ్గింది. కాలవ నీళ్ల వంతు మనదాకా రానీడం లేదు. సెలవు దొరికితే ఒకసారి వచ్చిపొమ్మని రాయండి అయ్యవారూ,” అని మస్తానమ్మ చెప్పేది.

ఆయన తల పంకించి రెండు పేజీలు నింపేవారు.

“నేను చెప్పింది ఇంతుందా?”

“భావం పెరిగింది తల్లీ.”

జవాబులు కూడా ఆయనే చదివి వినిపించేవారు. ‘నువ్వు రాసినట్టే నడుచుకుంటున్నాను’ అని ఉండేది ప్రతిసారీ. నడుచుకుంటున్న మనిషి ఇంటికి మాత్రం ఎందుకు రావడం లేదో ఆమెకు అంతుబట్టలేదు.

తర్వాతి వేసవిలో అయ్యవారు కావలిలో పెళ్లికి వెళ్లినప్పుడు ఒక ఉత్తరం వచ్చింది. మస్తానమ్మ దాన్ని మిషను ఆసుపత్రి నర్సు రెబెక్కమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. రెబెక్కమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివింది.

“‘రెండోసారి కూడా సెలవు వదులుకున్నాను. సరిహద్దు వదిలి మన గడప తొక్కవద్దని నువ్వు రాసిన ఉత్తరాన్ని సుబేదారు గారు అందరికీ హిందీలో చెప్పించారు...’” రెబెక్కమ్మ ఆగింది. “ఇట్టా రాయించినావా నువ్వు?”

“నేను గడ్డి గురించి రాయించినానక్కా. ఇంటి మీద గడ్డి.”

అయ్యవారు ఊళ్లోకి రాగానే మస్తానమ్మ వెళ్లి అడిగింది. ఆయన కోపగించుకోలేదు.

“గడ్డి, గేదె, జ్వరం, ఇవన్నీ రాస్తే జవాను గుండె నీరైపోతుంది తల్లీ. అప్పుడు దేశం ఏమవుతుంది?”

“ఇల్లే నీరైపోతా ఉంది అయ్యవారూ.”

ఆయన ఆ మాట విన్నారో లేదో గాని, పై వారం బడిలో జరగబోయే సభకు ఆమెను పిలిచారు. జవాన్ల కుటుంబాలకు సన్మానమట. నెల్లూరు నుంచి ఆఫీసరు వచ్చాడు, పక్కన పంచాయతీ ప్రెసిడెంటు గారు కూర్చున్నారు. మస్తానమ్మకు బంతిపూల దండ వేసి కుర్చీలో కూర్చోబెట్టారు. అయ్యవారు ‘వీరపత్ని లేఖ’ అంటూ దాచిన నకలు తీసి, గొంతు వణికిస్తూ చదివారు. తర్వాత ఆమెను రెండు మాటలు చెప్పమన్నారు.

మస్తానమ్మ లేచింది. “నేనట్టా రాయించలా. మా ఆయన్ని ఇంటికి రమ్మన్నా. మా వంతు నీళ్లు ప్రెసిడెంటు గారి మడికి మళ్లినాయి. అంతే.”

చప్పట్లు మోగాయి. అందరికంటే ముందు కొట్టింది ప్రెసిడెంటు గారే. ఆఫీసరు పక్కకు వంగి, “ఎంత వినయం చూశారా?” అన్నాడు.

మర్నాటి నుంచి ఆమె గేదె పాలు పిండగానే రెబెక్కమ్మ వసారాకు వెళ్లి పలక పట్టుకుంది. నాలుగు నెలలు పట్టింది. మొదటి ఉత్తరం తన చేత్తోనే రాసింది: ‘ఇల్లు కురస్తా ఉంది. రా. మస్తానమ్మ.’

జవాబు అయ్యవారి పేరున వచ్చింది. ‘అయ్యా, ఎవరో మా ఇంటిదాని పేరు పెట్టి దొంగ ఉత్తరం రాసినారు. అక్షరాలు వంకర. దేశం ఊసే లేదు. తమరు విచారించవలెను.’ అయ్యవారు దాన్ని స్వయంగా తెచ్చి చూపించారు. ఆయన ముఖం వెలిగిపోతూ ఉంది.

మస్తానమ్మ రెండు రోజులు ఆలోచించి మళ్లీ రాసింది: ‘పెండ్లయిన మూడోనాడు నా కొంగుకు నిప్పంటుకుంటే, నీళ్లు పొయ్యబోయి కడవ నా నెత్తినేసినావు. ఇది అయ్యవారికి తెలవదు. రా.’

ఇరవై రోజులకు హజరత్తయ్య దిగాడు. చిక్కిపోయి, కొంచెం కుంటుతూ వచ్చాడు. బూట్లు ఎంతసేపటికీ విప్పడు. చివరికి ఆమే కూర్చుని లాగింది. ఎడమ కాలికి రెండు వేళ్లు లేవు.

“ఎప్పుడు?”

“పోయిన చలికాలం. మంచుకి చచ్చుబడితే కోసేసినారు. ఆస్పత్రి నుంచి నేరుగా ఇంటికి పంపిస్తామన్నారు. నీ ఉత్తరం చూసి వద్దన్నా. ఇప్పుడు స్టోర్సులో పని.”

“ఒక్క ముక్క రాయలేదేం?”

“అట్టాంటి ఉత్తరాలు రాసే మనిషికి వేళ్ల గురించి ఏం రాసేది? సిగ్గేసింది.”

మస్తానమ్మ ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని తడిమి చూసింది. “నొప్పి ఉందా?”

“చలికే.”

“ఇక్కడ చలి లేదులే.”

తర్వాత ఆమె పాప జ్వరం సంగతి మొదటి నుంచి చెప్పింది. అతను పక్క మంచం మీదే చనిపోయిన మలయాళీ కుర్రవాడి సంగతి చెప్పాడు. రంగనాయకులు గారు దండ పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నారు. లోపలి మాటలు ఆగేట్టు లేవు, ఎవరూ బయటికి రాలేదు. ఆయన కాసేపు చూసి, దండను చూరుకు తగిలించి వెళ్లిపోయారు.