వెనక్కి కట్టుకున్న చేతులు

మూడో గుండీ దగ్గర ఆ అమ్మాయి చెయ్యి మళ్ళీ ముందుకొచ్చేసింది.

నేను చొక్కా తొడుక్కోవడం మొదలుపెట్టి అప్పటికి ఎనిమిది నిమిషాలు. పై రెండు గుండీలనీ ఎలాగో కాజాల్లోకి దూర్చాను. మూడోది ఎడమచేతి వేళ్ళ మధ్య నుంచి చేపపిల్లలా జారిపోతోంది. నాకేం చిరాకు లేదు. పనిలేనివాడికి గుండీ కూడా కాలక్షేపమే. కానీ ఆ పిల్ల చూడలేకపోయింది. చటుక్కున వంగి, గుండీ పట్టుకుని కాజాలో పెట్టేసి, "అయిపోయింది తాతగారూ!" అని నవ్వింది. మరుక్షణం నాలుక కరుచుకుంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ మేడం తన చేతిలోని కాగితం మీద ఒక టిక్కు పెట్టింది.

మెదడులో రక్తం గడ్డకట్టి నా ఎడమవైపు పడిపోయి ఏడు వారాలైంది. కాలు త్వరగానే దారికొచ్చింది. చెయ్యి మాత్రం అలిగిన అల్లుడిలా, పదిసార్లు పిలిస్తే ఒకసారి పలికేది. స్పర్శ కూడా అంతంతమాత్రం. చొక్కా తొడుక్కోవడం, తల దువ్వుకోవడం, టీ పెట్టుకోవడం లాంటి రోజువారీ పనులన్నీ మళ్ళీ మొదటినుంచి నేర్పేవాళ్ళని ఆక్యుపేషనల్ థెరపిస్టులంటారని ఈ వార్డుకి వచ్చాకే నాకు తెలిసింది. కాలేజీ చదువు చదివి, ముప్పై అయిదేళ్ళు పటాలు గీసే ఆఫీసులో పనిచేసినవాణ్ణి. ఈ మాట మాత్రం ఎన్నడూ వినలేదు.

ఆ అమ్మాయి ఆ చదువులో ఆఖరి ఏడాది. ఆరు వారాల పాటు ఈ వార్డులో పోస్టింగు. ఆమెకి అప్పగించిన పేషెంట్లలో నేనొకణ్ణి. మేడం ఆమె పని చూసి మార్కులు వేసే సీనియర్. విద్యార్థులు ఆవిడకి చాటుగా పెట్టుకున్న పేరు గోడగడియారం. ఆవిడ ఎప్పుడూ ఎదురుగా ఉంటుంది, ఏమీ మాట్లాడదు, మధ్యమధ్య టిక్కుమంటుంది.

మేడం వెళ్ళిపోయాక ఆ పిల్ల నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఫైలు తెరిచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏం రాసిందమ్మా ఆవిడ?"

దాచలేదు, చదివి వినిపించింది. "ఓర్పుంది, ప్రేముంది. సహాయం మాత్రం ఎక్కువ. పేషెంటు చెయ్యగలిగిన పని తనే చేసేస్తోంది." ఫైలు మూసి ఒళ్ళో పెట్టుకుంది. "పోయిన పోస్టింగులోనూ ఇదే రాశారు తాతగారూ. దాంట్లో ఫెయిలయ్యాను. ఇదీ పోతే ఏడాదంతా మళ్ళీ చదవాలి. గురువారం ఆఖరి పరీక్ష."

"ఏం పరీక్ష?"

"మీరు మన వార్డు వంటగదిలో టీ పెట్టాలి. నేను పక్కన నిలబడాలి. చెయ్యి పెట్టకూడదు."

"అంతేనా?"

"అంతే. అదే నావల్ల కావట్లేదు. నలుగురు పిల్లల్లో పెద్దదాన్ని. అందరికీ జడలు, చెప్పులు, గుండీలు నేనే. ఎవరైనా తడబడితే చాలు, నా చెయ్యి నన్నడక్కుండా వెళ్ళిపోతుంది."

పక్కమంచం మీద లారీ డ్రైవరు పడుకుని ఉన్నాడు. నడుముకి పట్టీ, నోటికి మాత్రం ఏ పట్టీ లేదు. "చెల్లెమ్మా, చేతులు వెనక్కి పెట్టు, నేను కట్టేస్తా. సరుకు కట్టే ముడి ఒకటుంది. దేవుడు దిగొచ్చినా ఊడదు."

"అప్పుడు ఫైలెలా రాస్తుందయ్యా?"

"నోటితో రాస్తుంది. గోడగడియారానికి నోరు లేదు కాబట్టి ఈమె నోరు వాడుకోవచ్చు."

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఒక సంగతి చెప్పాలనిపించింది.

నా భార్య పోయి మూడేళ్ళు. ఆఖరి నెలల్లో ఆమె చేతులు వణికేవి. తినిపించడం, తల దువ్వడం, చీర సర్దడం, అన్నీ నేనే చేసేవాణ్ణి. బాగా చూసుకుంటున్నానని లోలోపల కొంచెం గర్వం కూడా. ఒకరోజు తల దువ్వుతుంటే దువ్వెన నా చేతిలోంచి లాక్కుంది. "ఇలా ఇవ్వండి. వంకర జడైనా నా జడే. మీరు అద్దం పట్టుకోండి, చాలు" అంది. నాకు కోపమొచ్చింది. పావుగంట సేపు మొహం మాడ్చుకుని అద్దం పట్టుకున్నాను. జడ నిజంగానే వంకరగా వచ్చింది. ఆమె మాత్రం ఆ రోజంతా ఎంత హుషారుగా ఉందో.

అంతా విని ఆ పిల్ల కాసేపు తన అరచేతులు చూసుకుని లేచి వెళ్ళింది.

ఇంత చక్కగా కథ చెప్పినవాణ్ణి, ఆ మధ్యాహ్నమే నేను చేసిన నిర్వాకం చూడండి. ఆమె చెయ్యి ముందుకు రాకుండా ఉండాలంటే నేను తడబడకూడదు. నేను తడబడకూడదంటే ఎడమచెయ్యి జోలికి పోకూడదు. కుడిచెయ్యి బ్రహ్మాండంగా ఉంది కదా! డ్రైవరు బిస్కెట్ల డబ్బా అడిగి తీసుకున్నాను. డబ్బాని పొట్టకీ బల్ల అంచుకీ మధ్య నొక్కిపెట్టి ఒంటిచేత్తో మూత తిప్పడం సాధన చేశాను. మూడు మధ్యాహ్నాల్లో ఆరితేరాను.

"మరి రెండో చెయ్యి?" అన్నాడు డ్రైవరు.

"జేబులో పెట్టుకుంటాను."

"వైద్యం దానికే కదా పెద్దాయనా?"

"గురువారం ఒక్కరోజు దానికి సెలవు."

"నా బిస్కెట్లన్నీ పిండి చేశారు. కనీసం ఆ పిల్ల పాసైతే చాలు."

గురువారం పొద్దున పదింటికి వంటగదిలోకి వెళ్ళాం. చిన్న గది. ఒక బల్ల, ఒక స్టూలు, సింకు, కరెంటుతో మరిగే స్టీలు కెటిల్, గట్టి మూత ఉన్న పంచదార డబ్బా, టీ పొడి, పాలు, టీ వడకట్టే జాలి. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. మేడం తలుపు పక్కన నిలబడింది. ఆ పిల్ల నాకు రెండడుగుల దూరంలో నిలబడి చేతులు వెనక్కి కట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందో, భుజాలు బిగుసుకుపోయాయి.

నేను చెలరేగిపోయాను. కెటిల్లో నీళ్ళు పోశాను, మీట నొక్కాను, గ్లాసు తీశాను. డబ్బాని పొట్టకానించి మూత తిప్పేశాను. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పిల్ల వైపు గర్వంగా చూశాను.

ఆమె మొహంలో సంతోషం లేదు. నా జేబు వైపు చూస్తోంది.

"తాతగారూ, మీ ఎడమచెయ్యి ఏది?"

"ఇక్కడే ఉందమ్మా. జేబులో."

"ఎందుకు?"

"చలిగా ఉంది."

ఎండ నిలువునా పడుతున్న బల్ల దగ్గర నిలబడి ఆ మాటన్నాను. తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాను. మేడం కలం కాగితం మీద ఆగి ఉంది. ఇప్పుడు ఊరుకుంటే చాలు, ఆ పిల్ల పాసైపోతుంది. ఊరుకో తల్లీ అని కళ్ళతోనే బతిమాలాను.

ఆమె డబ్బా వైపు తల ఊపింది. "మూత పెట్టేయండి. మళ్ళీ మొదటినుంచి. రెండు చేతులతో."

"అలా అయితే పని చెడుతుందమ్మా."

"చెడనివ్వండి."

చెడింది. ఎడమచెయ్యి జేబులోంచి రావడానికే బద్ధకించింది. డబ్బా పట్టుకోబోతే దొర్లింది. చెంచా కింద పడింది. మూత సగం లేచి, పంచదార బల్ల మీదా, అక్కణ్ణుంచి నా చెప్పుల మీదా జలజలా రాలింది. రాలిన ప్రతిసారీ ఆ పిల్ల భుజాలు ఉలిక్కిపడేవి. చేతులు మాత్రం వెనకే ఉన్నాయి.

"ఆ చేత్తో మూత తియ్యొద్దు తాతగారూ" అంది నెమ్మదిగా. "డబ్బా కదలకుండా ఆపండి, అంతే. మూత సంగతి కుడిచెయ్యి చూసుకుంటుంది."

అడ్డుగోడలా నిలబడమంటే ఎడమచెయ్యి ఒప్పుకుంది. నాలుగు వేళ్ళు డబ్బాని ఆనుకుని బిగిశాయి. కుడిచేత్తో తిప్పాను. మూత ఊడింది.

చెప్తే నవ్వుతారు, మెట్రిక్ పాసైన రోజు కూడా నేనంత పొంగిపోలేదు. "చూశావా!" అని ఆమె వైపు తిరిగాను. తిరుగుతూ ఎడమచెయ్యిని విజయగర్వంతో బల్ల మీద ఆనించాను.

అది బల్ల మీద కాదు, మరిగి ఇంకా సెగలు కక్కుతున్న స్టీలు కెటిల్‌కి ఆనింది. నాకేం తెలియలేదు. తెలిసే స్పర్శ ఆ మణికట్టుకి లేదు.

ఆ అమ్మాయి చెయ్యి వచ్చింది. ఎప్పుడు వచ్చిందో కూడా చూడలేదు. నా మణికట్టు పట్టి లాగి, రెండంగల్లో నన్ను సింకు దగ్గరికి నడిపించి, చన్నీళ్ళ కుళాయి కింద పెట్టేసింది. చర్మం కాస్త ఎర్రబడింది, అంతే. ఇంకొంచెంసేపు ఉంటే బొబ్బలెక్కేది.

వెనక టిక్కుమని వినపడింది.

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "చెయ్యి పెట్టేశాను" అంది నాకు మాత్రమే వినపడేలా. నీళ్ళు నా చేతి మీద పడుతూనే ఉన్నాయి. నా గొప్ప చూపించుకోబోయి ఆమె ఏడాదిని గంగలో కలిపానే అనుకున్నాను.

మేడం వచ్చి నా మణికట్టు తిప్పి చూసింది. ఇంకాసేపు నీళ్ళ కింద ఉంచమని చెప్పి, వాచీ చూసుకుంటూ పక్కనే నిలబడింది. ఎరుపు తగ్గాక, "టీ పూర్తి చెయ్యండి" అంది.

ముగ్గురం ఆ పని కానిచ్చాం. నేను పెట్టాను, వాళ్ళు చూశారు. మేడం ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టింది.

"పంచదార?"

"నా చెప్పుల్లో ఉందండి."

గోడగడియారం నవ్వడం నేను చూశాను. నామీద ఒట్టు. తర్వాత ఆ పిల్ల వైపు తిరిగింది.

"డబ్బా మూత ఊడడానికి పదకొండు నిమిషాలు పట్టింది. అంతసేపూ నీ చేతులెక్కడున్నాయి?"

"వెనక, మేడం."

"కెటిల్ దగ్గర?"

"తెలీదు మేడం. వచ్చేసింది. సారీ."

"ఎందుకు సారీ? రాకపోయి ఉంటే ఫెయిల్ చేసేదాన్ని. గుండీకీ కెటిల్‌కీ తేడా తెలిసిందా లేదా అని చూడ్డానికే కదమ్మా నేనిక్కడ నిలబడింది." కాగితం మీద సంతకం చేసి ఆమె చేతికిచ్చింది. "ఆయన జేబులో చెయ్యి పెట్టుకున్నప్పుడే ఆపావు చూడు, దానికి ఇంకో రెండు మార్కులు కలిపాను." ఆపైన నా మీదికి వచ్చింది. "మీకు మాత్రం సున్నా. ఈ వయసులో నా స్టూడెంటుకి కాపీ అందిస్తారా?"

"ఇంకెప్పుడూ చెయ్యనండి" అన్నాను చెంపలేసుకుని. రెండు చేతులతోనూ వేసుకున్నాను. ఎడమది కాస్త ఆలస్యంగా వచ్చింది, అయినా వచ్చింది.

మేడం వెళ్ళిపోయాక ఆ పిల్ల స్టూలు మీద కూలబడి, ఎన్నాళ్ళుగానో బిగబట్టినట్టున్న ఊపిరి ఒక్కసారిగా వదిలింది. అమ్మకి ఫోన్ చేసి, "అమ్మా, పాస్!" అని ఒక్క మాట చెప్పి, మిగతాదంతా ఏడ్చింది. నేను పంచదార ఊడవబోయాను. "ఆగండి, నేను..." అని లేవబోయి, మళ్ళీ కూర్చుని, చీపురు ఎక్కడుందో మాత్రం చూపించింది.

మర్నాడు డాక్టర్లు వచ్చి చూసి, సోమవారం ఇంటికి వెళ్ళొచ్చన్నారు. ఆ సోమవారం పొద్దున డ్రైవరుకి రెండు డబ్బాల బిస్కెట్లు తెప్పించి ఇచ్చాను. చొక్కా తొడుక్కోవడం మొదలుపెడితే ఆ పిల్ల వచ్చి నిలబడింది. చేతులు వెనక్కే ఉన్నాయి గానీ వదులుగా ఉన్నాయి.

"ఆ మూడో గుండీకి ముహూర్తం పెట్టించమంటారా పెద్దాయనా?" అన్నాడు డ్రైవరు.

ఆరు నిమిషాల్లో అన్నీ పెట్టేశాను. ఆ పిల్ల పెదవి కొరుక్కుని నవ్వాపుకుంటోంది. ఎందుకో అర్థం కాలేదు.

"తాతగారూ, అద్దం పట్టుకోమంటారా?" అంది.

పట్టుకుంది. గుండీలన్నీ ఒక కాజా కిందికి జరిగి ఉన్నాయి. మెడ దగ్గర ఒక కాజా ఖాళీ, కింద ఒక గుండీ అనాథ.

"ఉండనీ తల్లీ" అన్నాను. ఆ చొక్కాతోనే ఇంటికి వెళ్ళాను.