కిష్టవ్వ వెంట వచ్చిన వడ్లు

నిజాం సర్కారు లెవీ కింద వడ్లు కొలుచుకుపోతున్న రోజులవి. సిద్దిపేటలో రామవ్వ తన పెంకుటింట్లో నలుగురిని సాకేది. నలుగురూ వయసొచ్చినా తమ పని తాము చేసుకోలేనివాళ్లే. ఒకరికి అన్నం తినిపించాలి, ఇంకొకరికి బట్ట కట్టాలి. వాళ్లలో ఒకడైన ఆమె తమ్ముడు దుర్గయ్య నలభై దాటినా ఒంటరిగా వీధి దాటలేడు, మాటలూ తక్కువే. ఇన్నాళ్లూ ఇంటింటా అడిగి తెచ్చిన బియ్యంతో నడిచింది. లెవీ మొదలయ్యాక ఇచ్చేవాళ్లకే గింజలు కరువయ్యాయి.

రామవ్వ దుర్గయ్యను వెంటబెట్టుకుని లింగమూర్తి పటేలు ఇంటికి వెళ్లింది.

"ఒక్కసారి ఇచ్చుడు కాదు పటేలా. పంట పంటకు ఇన్ని వడ్లని మాటియ్యుండ్రి. నేను పోయినంక గూడ వీళ్లు తినాలె గద!"

"నా వడ్లన్నీ సర్కారే ఎత్తుకపాయె" అన్నాడు పటేలు. ఆయన వెనక గాదె నిండిపోయి, తలుపు మూతపడక తాడుతో కట్టి ఉంది.

ఈలోగా దుర్గయ్య వెళ్లి పటేలు తల్లి కిష్టవ్వ పక్కన కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఎవరూ చేయని సాహసం అది. ఆమె నోరు తెరిస్తే కోడలు వంటింట్లోకి, జీతగాళ్లు పొలానికి పరుగు తీసేవారు. కిష్టవ్వ తన పెళ్లి ముచ్చట ఎత్తుకుంది. దుర్గయ్య కళ్లార్పకుండా విని, "మల్ల?" అన్నాడు. ఆమెను అలా అడిగినవాళ్లు అంతవరకు లేరు.

పొద్దు వాలింది. కిష్టవ్వ అతని చెయ్యి వదల్లేదు. "వీడు గీడనే ఉంటడు. ఇంకా పెండ్లి బంతికాడి కొట్లాట చెప్పనేలేదు."

"నేను మా ఇంటికి పోత" అన్నాడు దుర్గయ్య.

"అయితే నేనే వస్త, పా!"

మర్నాడు ఆమె రామవ్వ ఇంటికి తన మంచం కూడా తెప్పించుకుంది. పటేలు ఉరుక్కుంటూ వచ్చాడు. "అవ్వా, నా ఇజ్జత్ ఏంగావాలె? ఇంటికి రా."

"రానురా. నీ ఇంట్ల నా మాట ఎవలింటున్నరు? గీడ నలుగురింటున్నరు."

పటేలు ఇంటికెళ్లి భార్యకు చెప్పుకున్నాడు. ఆమె కళ్లు మెరిశాయి. "వడ్లు పంపుండ్రి. అత్తకు తక్కువ చేస్తే మల్ల వాపస్ వస్తది!"

పటేలు తల్లికి సరిపడా వడ్లు పంపుతానన్నాడు. రామవ్వ ఒప్పుకోలేదు. "పక్కన నలుగురు తినకుంట మీ అవ్వ ముద్ద ముడుతదా పటేలా?"

చివరికి పెద్దమనుషుల ముందు, చెరువు కింది మడి పంట ఏటేటా రామవ్వ ఇంటిదేనని, కిష్టవ్వ పోయిన తర్వాతా అదే మాటని పటేలు ఒప్పుకున్నాడు.

వాకిట్లో మొదటి బండి ఆగినప్పుడు రామవ్వకు ఏడుపు ఆగలేదు.

"ఏడుస్తవేందే?" అని కసిరింది కిష్టవ్వ. "రోలు కడుగు. అందరికీ ఆకలైతుంది."