సున్నం పడని గీత

ఫ్లోరిస్ బీకెస్ కుంచెను సున్నం బాల్చీలో ముంచి పంపుహౌసు గోడకి పూస్తున్నాడు. ఆరెంజ్ నది ఒడ్డున ఆ పంపులు తిప్పుతూ, రోజూ పొద్దున్నే నీటిమట్టం చూస్తూ ముప్పై ఏడేళ్లు గడిపిన మనిషి. గ్రీజు అరచేతి గీతల్లోకి ఇంకిపోయింది. ఎడమ మోకాలు సరిగ్గా వంగదు. పదింటికి కేప్‌టౌన్ నుంచి ఎండుద్రాక్ష ఫ్యాక్టరీ వాళ్లు స్థలం చూడ్డానికి వస్తున్నారు. రెండొందల ఉద్యోగాలట. ఊరంతా అదే మాట.

వాళ్లని తిప్పి చూపించే గౌరవం మాత్రం ఎల్‌రాయ్‌కి దక్కింది. ఫ్లోరిస్ దగ్గర స్పానర్ పట్టడం నేర్చుకున్న ఆ కుర్రాడే ఇప్పుడు మునిసిపాలిటీలో టై కట్టుకు తిరుగుతున్నాడు. "మామా, గోడంతా సున్నం కొట్టెయ్. ఆ నల్లగీత కూడా. దాని సంగతి తర్వాత నే చెప్తాలే" అని నిన్న పురమాయించి వెళ్లాడు. ఏకు మేకై కూర్చున్నాడని ఫ్లోరిస్ కడుపు రగిలిపోయింది.

అది ఎనభై ఎనిమిదిలో వరద నీళ్లు ఎక్కిన ఎత్తు చూపే గీత. నీళ్లు తగ్గాక ఫ్లోరిసే నిచ్చెనెక్కి గీశాడు. మనిషి తలకి మూరెడు పైన ఉంటుంది. ఏటా ఫిబ్రవరిలో దానికి మళ్లీ రంగు వేస్తాడు.

గీతకి పైనా కిందా సున్నం పూసి, దాన్ని మాత్రం వదిలేశాడు. తెల్లగోడ మీద అది మరింత నల్లగా తేలింది. 'ఇప్పుడు చెప్పుకోరా, టై సర్దుకుంటూ' అనుకున్నాడు.

ఫ్యాక్టరీ తరఫున వచ్చినావిడ కారు దిగుతూనే దాన్ని చూసి, "ఇదేంటి?" అంది.

ఎల్‌రాయ్ మొహంలో నెత్తురుచుక్క లేదు. "మా మామని అడగండి. ఈ నది గురించి ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలీదు" అన్నాడు.

ఇన్నేళ్లలో అతని గురించి ఎవరూ ఆ మాట అనలేదు. ఫ్లోరిస్ ఛాతీ పొంగింది. చెప్పాడు. అడిగినదానికే కాక, అడగనిదానికీ జవాబిచ్చాడు. మీరు నిలబడ్డచోట మా ఇల్లుండేదన్నాడు, కొట్టుకొచ్చిన ఆవులు ఈ గోడకే తట్టుకున్నాయన్నాడు. ఆవిడ ఫైలు మూసి, థాంక్స్ చెప్పింది. టౌన్‌హాల్లో పెట్టిన భోజనం కూడా ముట్టకుండా కార్లు వెళ్లిపోయాయి.

ఎల్‌రాయ్ అరవలేదు. "వరద ఆపే కొత్త గట్టు ప్లాను చూపించి, అప్పుడు గీత సంగతి చెబుదామనుకున్నా మామా. ముందే ఇది చూస్తే ఎవరైనా బెదురుతారు."

"నేను అబద్ధం చెప్పలేదుగా?"

"లేదు. నిజమే చెప్పావు, నా మీద కుళ్లుతో." చేతిలో సంచి పంపుహౌసు లోపల బల్ల మీద పెట్టాడు. "ఫ్యాక్టరీ నీళ్ల పనంతా నీ చేతికే ఇవ్వాలని వాళ్లని ఒప్పించా. అందుకే తెచ్చా దీన్ని." టై విప్పుకుంటూ గట్టెక్కి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఫ్లోరిస్ ఎప్పటిలాగే నీటిమట్టం రాసి, పంపులు ఆపి, తలుపుకి తాళమేశాడు. ఆ సంచి ముట్టుకోలేదు. లోపల బల్ల మీద సంచిలోంచి సగం బయటికొచ్చి ఉంది తెల్ల హెల్మెట్. నుదుటి దగ్గర 'ఎఫ్. బీకెస్' అని రాసుంది, లోపలి పట్టీకి చుట్టిన ప్లాస్టిక్ కాగితం ఇంకా విప్పలేదు.