అయినవాళ్ళకు మాత్రమే

"ఇది నా పిల్ల ఎక్కడుందో ఎవరికైనా చెప్పేస్తే నేనేం చెయ్యను నాయనా?"

ఆసుపత్రి వాకిట్లో నిలబెట్టిన రోబో మొహాన్ని తడిగుడ్డతో తుడుస్తూనే అడిగింది న్సింబా. రోగి పేరు చెబితే వార్డు చెప్పడం దాని పని. దాన్ని చూసుకునే మెకానిక్ దియుమెర్సీ వెనక మూత బిగిస్తూ నవ్వాడు.

"నీకంటే దానికే గుట్టెక్కువ అమ్మా. 'నువ్వు న్దెకోవా?' అని అడుగుతుంది. చుట్టమైతేనే చెబుతుంది."

"అల్లుడూ చుట్టమేగా!"

"లుకోకీ ఫొటో ఎక్కించాను. వాణ్ణి చూస్తే పెదవి విప్పదు. ఇక వదులు, తుడిచి తుడిచి దాని ముక్కు అరగదీస్తావు."

న్సింబాకు అన్నీ భయాలే. వాన పడితే కప్పు కూలుతుందని, పడకపోతే కుళాయి ఎండుతుందని. ఫినాయిలుకు వేళ్ళ చర్మం తెల్లగా పొరలు లేచింది. మోకాళ్ళు వాచి గుండ్రంగా మెరుస్తున్నాయి. కిన్షాసాలో ఎవరెవరి ఇళ్ళో, బడి, ఇప్పుడీ ఆసుపత్రి, బతుకంతా నేల చూస్తూనే గడిచింది. మొగుడు పోయాడని కబురొచ్చిన రోజు కూడా సగంలో ఉన్న వరండా తుడిచే వెళ్ళింది. మిగిలింది కూతురు లుజోలో ఒక్కతే. మొగుడు చెయ్యి విరగ్గొట్టిన ఆ పిల్లను రెండో వార్డులో దాచుకుంది. మళ్ళీ లుకోకీ చేతికి చిక్కితే ప్రాణాలతో వదలడు.

మధ్యాహ్నం వరండా ఆ చివర తుడుస్తుండగా బైకు టాక్సీవాడొకడు రోబో ముందు ఆగాడు.

"లుజోలో ఎక్కడుంది?"

"మీరు న్దెకోవా?"

వాడు పకపకా నవ్వాడు. "కాకపోతే పరాయోణ్ణా, న్దెకో?"

టమాటాలమ్మేదీ న్దెకోయే, బస్సులో కాలు తొక్కినవాడూ న్దెకోయే. ఈ ఊళ్ళో అందరూ అందర్నీ పిలుచుకునే ఆ మాటకు కాదనేదెవరు? రోబోను చేసినవాళ్ళకు తట్టలేదు. పొద్దున న్సింబాకూ తట్టలేదు.

"స్వాగతం న్దెకో. రెండో వార్డు, కిటికీ పక్క మంచం."

వాడు గేటువైపు తిరిగి రెండు వేళ్ళు చూపాడు. అక్కడ నిలబడ్డ లుకోకీ పెరటి దారి పట్టాడు. న్సింబా తుడుపుగుడ్డ వదిలేసి పరుగెత్తింది. తను తడిపిన నేల మీదే జారుతూ, గోడ పట్టుకుని చేరేసరికి మంచం ఖాళీ. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. బైకు చప్పుడు కూడా దూరమైపోయింది.

పక్క మంచం బిబీష్ గోడవైపు తిరిగి పడుకుంది.

"అరిచిందా?"

బిబీష్ గోడకు ఇంకా దగ్గరగా జరిగింది.

"కొట్టాడా? అమ్మా, నీకు దండం పెడతా, నోరు తెరువు."

దియుమెర్సీ గుమ్మందాకా వచ్చి, న్సింబా వీపు చూసి, అక్కడే ఆగిపోయాడు. ఆమె ఖాళీ మంచం మీది దుప్పటి ముడతలు తీసింది. మళ్ళీ తీసింది. వంగితే మంచం కింద ఆకుపచ్చ రబ్బరు చెప్పు కనబడింది.

"చెప్పులైనా వేసుకోనిచ్చాడా?"

గోడతో చెప్పినట్టు చెప్పింది బిబీష్. "'అరిస్తే మీ అమ్మ ఇక్కడే ఉందిగా, దాని పని పడతా' అన్నాడమ్మా. అంతే, తనే లేచింది. ఒకటి తొడుక్కుంది. రెండోదానికి వంగబోతే లాగేశాడు."