గంగవాయిలి మడి పక్క రేకు బోర్డు

నేను ఒక రేకు బోర్డును. పగబట్టిన రేకు బోర్డును. రేకుకు పగేమిటని నవ్వకండి. పాము పగ పన్నెండేళ్లంటారు. నాది ఒక్క వానాకాలమే, కానీ కసితీరా తీర్చుకున్నాను.

పుట్టడం నూనె డబ్బాగా పుట్టాను. పాత సామాన్ల కొట్లో నన్ను కోసి, సుత్తితో సాపు చేసి, హైదరాబాదు శివారులో ఒక పార్కుకు పంపారు. అక్కడ నా మీద మొదట "పూలు కోయరాదు" అని రాశారు. జనం దాన్ని పైకి చదువుతూనే పూలు కోసుకునేవాళ్లు. ఒకాయన కోసిన మందారాన్ని నాకే ఆనించి ఫోటో తీసుకున్నాడు. మనుషులకు చదవడం వచ్చు, చూడటమే రాదని ఆరోజే తెలిసింది.

తర్వాత ఆ పార్కులో ఒక మూల సీతాకోకల తోట వేశారు. దాన్ని చూసుకునేది తోటపని చేసే మణెమ్మ. ఏ సీతాకోక ఏ ఆకు మీద గుడ్డు పెడుతుందో ఆమెకు తెలుసు. ఆ ఆకు పేరే దానికి పెట్టేది. జిల్లేడుది, కరివేపాకుది, నిమ్మది. వాటిలో ఒకటి నారింజ రంగుది. చూడటానికి అచ్చం జిల్లేడుదే, గుడ్లు మాత్రం గంగవాయిలి అనే ఆకుకూర మీద పెట్టేది. దానికోసం మణెమ్మ ఒక మడి నిండా గంగవాయిలి పెంచింది. నాకు తెల్ల రంగు పూసి, కూతురు పలక మీద దిద్దించిన అక్షరాలతో నల్లగా, లావుగా "గంగవాయిలి సీతాకోక" అని రాసింది. అక్షరం అక్షరానికీ నాలుక కొరుక్కుంది పాపం. నన్ను అంత ప్రేమగా ముట్టుకున్నవాళ్లు ఆమెకు ముందు లేరు.

అప్పుడు దిగాడు దామోదర్ సార్. రిటైరైన ఇంజినీరు, ఆదివారాలు కెమెరాలతో వచ్చే సీతాకోకల క్లబ్బుకు అధ్యక్షుడు. పార్కువాళ్లు ఆయన మాట కాదనరు. ఎవరైనా నోరు జారి వాడుకపేరు చెప్తే, "లాటిన్ పేరు చెప్పండి!" అని కసిరేవాడు. మిగతావాళ్లంతా కుక్కిన పేనుల్లా ఉండేవాళ్లు. పేర్లన్నీ ఆయనకు కంఠతా వచ్చు, మోకాలు మాత్రం ఎన్నడూ వంచలేదు.

నన్ను చూసి పగలబడి నవ్వాడు. "ఇదేం బోర్డు? కూరగాయల దుకాణమా?"

"గది ఈ కూర మీదనే గుడ్లు పెడ్తది సార్," అంది మణెమ్మ. "పురుగు నల్లగ, ముండ్లు ముండ్లుగ ఉంటది. జిల్లేడుది గట్ల ఉండదు."

"ఇది డనాయస్ క్రిసిప్పస్. జిల్లేడు మీదే పెడుతుంది, పుస్తకంలో ఉంది. నువ్వు నాకు చెప్తున్నవా?"

ఆ సాయంత్రమే పెయింటరు వచ్చాడు. ఆమె అక్షరాల మీద చవక పచ్చ రంగు ఒక్క పూత పూసి, ఆ లాటిన్ పేరు రాసి, కింద "గుర్తించినది: దామోదర్" అని చేర్చాడు. మణెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పంపు షెడ్డు వెనక్కి పోయింది. అప్పుడే పగబట్టాను. లాటిన్ మీద కాదు, అది నాకేం చేసింది? ఆకు తిప్పి చూడకుండా పేరు పెట్టిన ఆ మనిషి మీద.

రేకు చేతిలో ఉన్నది ఒక్కటే, రంగును పట్టుకోవడం, వదిలేయడం. వానలు రాగానే మొదట ఆయన సంతకాన్ని వదిలేశాను. తర్వాత పచ్చ రంగు కిందికి నీళ్లు రానిచ్చాను. లోపలి నల్ల అక్షరాలను మాత్రం పళ్లబిగువున పట్టుకున్నాను.

క్లబ్బువాళ్లు ఏటా సీతాకోకలను లెక్కపెట్టే రోజు వచ్చింది. సీతాకోకల మీద పరిశోధన చేసే డాక్టర్ నుస్రత్ అతిథి. ఆమె వచ్చేలోపు గంగవాయిలి మడి పీకేసి జిల్లేడు నాటాలని సార్ హుకుం. మణెమ్మ సగం పీకి, ఇక చేతులు రాక కూలబడింది. అంతలో అందరూ వచ్చేశారు.

"ఇంకా పీకలేదా? కలుపు మొక్కకు ఇంత ఆలోచనేంది?" కసిరాడు సార్.

"పీకితే పురుగులన్నీ సస్తయి సార్!" మణెమ్మ మిగిలిన మొక్కలకు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏ పురుగులు?" అంటూ నుస్రత్ బురదలోనే మోకరిల్లింది. ఒక ఆకు తిప్పింది. అడుగున నల్లటి ముళ్ల పురుగు. పక్క కొమ్మ మీద వాలిన సీతాకోకను చాలాసేపు చూసింది. "దామోదర్ గారూ, వెనక రెక్క నడుమ నల్ల చుక్కలేవండీ? ఇది క్రిసిప్పస్ కాదు. దాని వేషం వేసుకున్న హైపోలిమ్నస్ మిసిప్పస్. మడి పీకిస్తే ఇక ఇది ఇక్కడ ఉండదు."

కెమెరాలన్నీ నావైపు తిరిగాయి. సార్ పప్పులో కాలేసిన సంగతి నా నుదుటిమీదే రాసి ఉంది మరి! ఆయన కారు తాళంచెవి తీసుకుని ఆ పేరును గబగబా గీకసాగాడు. గీకు నాయనా, గీకు! పచ్చ పెచ్చులన్నీ ఆయన బూట్ల మీద రాలాయి. అడుగున ఉన్న మణెమ్మ అక్షరాలు ఆయన చేత్తోనే బయటపడ్డాయి. క్లబ్బంతా ఒక్క గొంతుతో చదివింది: "గంగవాయిలి సీతాకోక."

"ఎవరు రాశారిది?" అంది నుస్రత్.

"నేనే మేడం."

"సరిగ్గా రాశావమ్మా. శాస్త్రీయనామం కూడా ఉంటే ఎక్కడివాళ్లకైనా తెలుస్తుంది. దామోదర్ గారూ, అది మీరే రాయండి."

ఇప్పుడు నా అంచులను తుప్పు తినేస్తోంది. రేపో మాపో మళ్లీ పాత సామాన్ల కొట్టుకే పోతాను. పోతే పోయాను. గంగవాయిలి మళ్లీ మడి నిండా అల్లుకుంది. ఆరోజు కుంచె పట్టుకుని నా ముందు బురదలో మోకాళ్ల మీద కూర్చున్న దామోదర్ సార్‌ను నేను కళ్లారా చూశాను. ఆయన తలెత్తకుండా అడిగాడు.

"మణెమ్మా, నువ్వు పెట్టిన పేరు కింద చోటు సరిపోతుందా?"

"సరిపోతది సార్. జెర చిన్నగ రాయుండ్రి."